పది గంటల దగ్గర గాటు

ఆబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు ఎదురు సందులోకి తిరిగితే ఎడమ చేతి వైపు ఒక పాత మేడ, ఆ మేడ మెట్ల కింద ఒక దుకాణం ఉండేది. ఉండేది అంటున్నాను, ఎందుకంటే ఇప్పుడు దాని తాళం మీద లక్క ముద్ర ఉంది. నాలుగడుగుల వెడల్పు. లోపల నిలబడితే మెట్ల అడుగు నెత్తికి తగులుతుంది. బోర్డు మీద పేరు ఎప్పుడో వానలకు పోయింది, "రబ్బర్ స్టాంప్స్" అన్న రెండు మాటలే మిగిలాయి. ముప్పై అయిదేళ్ళు ఆ మెట్ల కింద వంగి కూర్చుని పనిచేసిన మనిషి పేరు పద్మ. గన్‌ఫౌండ్రీ నుంచి నాంపల్లి స్టేషన్ దాకా ఏ గుమస్తా బల్ల సొరుగు లాగినా ఆమె చేసిన ముద్ర ఒకటి దొరుకుతుంది. ఆ గుమస్తాల్లో ఎవరికీ ఆమె పేరు తెలియదు. వాళ్ళ సేట్లకు అసలే తెలియదు.

నాన్న సదాశివకు చేతులు వణకడం మొదలైనప్పుడు ఆమెకు పంతొమ్మిదేళ్ళు. తల్లి అప్పటికే లేదు. తమ్ముడు విజయేందర్‌కు ఏడు. సీసం అక్షరాలను తిరగేసి పేర్చడం, అచ్చు తీయడం, ప్రెస్సులో వేడెక్కుతున్న రబ్బరు ఉడికిందో లేదో వాసన పట్టి చెప్పడం, ఇవన్నీ ఆయన కుర్చీలో కూర్చుని నోటితో చెబుతుంటే ఆమె చేతులతో నేర్చుకుంది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే "తీరలే" అంటుంది. అంతకంటే చెప్పదు.

సదాశివ రెండు పద్ధతులు పెట్టి పోయాడు. మొదటిది బుక్కు. ఏ ముద్ర చేసినా మొదటి గుద్దు ఆ బుక్కులో పడాలి, పక్కన తారీఖు, చేయించుకున్న గిరాకీ సంతకం. తర్వాత తప్పొచ్చిందని గొడవ పెట్టుకోకుండా. రెండోది గాటు. ఆయన ముద్రకు మూడు నెలల గ్యారంటీ ఇచ్చేవాడు. జనం ఉస్మాన్‌గంజ్‌లో ఎవరో చేసిన అరిగిపోయిన ముద్ర తెచ్చి, "ఇది నీ దగ్గర చేయించిందే, ఊరికే మార్చియ్యి" అని కూర్చునేవాళ్ళు. అందుకని గుండ్రటి ముద్ర అంచును గడియారం అనుకుని, దాని మీద ఒకచోట బ్లేడుతో సన్నని గాటు పెట్టేవాడు. ఏడాదికో గంట. ఒక ఏడు మూడు దగ్గర, మరుసటి ఏడు నాలుగు దగ్గర. పన్నెండేళ్ళకు మళ్ళీ మొదటికి. గాటు చూస్తే ముద్ర తనదా కాదా, తనదైతే ఏ ఏటిది, వెంటనే తెలిసిపోతుంది. కాగితం మీద అది సిరా అంటని చుక్కలా ఉంటుంది. తెలియనివాళ్ళు దుమ్ము అడ్డం పడిందనుకుంటారు.

కంప్యూటరు ముద్రలు వచ్చాక ఈ గాటు ఎవరికీ అక్కర్లేదు. పద్మ మాత్రం మానలేదు. 2018లో గాటు నాలుగు గంటల దగ్గర పడింది. 2024లో పది దగ్గర. ఈ రెండు అంకెలూ గుర్తుంచుకోండి.

గన్‌ఫౌండ్రీలో స్వర్ణగౌతమి ఓవర్సీస్ అని ఒక ఎగుమతి కంపెనీ ఉంది. యజమాని ప్రసన్నకుమార్. వాళ్ళది కోస్తా నుంచి వచ్చి మూడు తరాలుగా ఇక్కడే స్థిరపడిన కుటుంబం. మెత్తగా మాట్లాడతాడు, అందరినీ "అమ్మా", "బాబూ" అంటాడు, ఎవరి పేరూ గుర్తుపెట్టుకోడు. ఆ కంపెనీ ముద్రలన్నీ పద్మే చేసేది. తీసుకుపోవడానికి మొగులయ్య అనే అటెండరు వచ్చేవాడు. 2018లో ఒకరోజు ఆ మొగులయ్యే కబురు తెచ్చాడు.

"పద్మక్కా, మా సారు ఆఫ్రికాల ఆఫీసు తెరుస్తున్నడు. లెక్కలు రాసేటోడు కావాలంట. మన విజ్జి ఖాళీగనే ఉన్నడు గద."

"ఖాళీగ ఏడున్నడు, పొద్దుందాక నా నెత్తి తింటుండు," అంది పద్మ. "రేపే తోల్త."

విజయేందర్ బీకాం చదివాడు. చిట్టీల కంపెనీలో చేస్తే అది మూతపడింది. ఇంటర్వ్యూకు పోతున్న పొద్దున పద్మ అంది: "ఆ సారు నా గిరాకీనేరా. అక్క స్టాంపుల దుకాణమని చెప్పు, జర నిగా పెడతడు."

"గాడ పోయి మా అక్క మెట్ల కింద కూసొని రబ్బరు కోస్తదని చెప్పాల్నా?" అన్నాడు విజయేందర్ షూ తుడుచుకుంటూ.

ఇంటర్వ్యూలో అతను చెప్పలేదు. అక్కంటే సిగ్గుపడ్డాడు, అంతే. ఆ సిగ్గే లేకపోతే ఇప్పుడీ కథ లేదు.

ఉద్యోగం వచ్చింది. ఫ్లయిటు ఎక్కే ముందు ప్రసన్నకుమార్ అతని చేత యాభై ఖాళీ లెటర్‌హెడ్‌ల మీద సంతకాలు పెట్టించుకున్నాడు. "నువ్వక్కడ, మేమిక్కడ. పని ఆగకూడదు కదా బాబూ." చిన్న ఉద్యోగాలు చేసినవాళ్ళకు ఇది కొత్త కాదు. పెట్టమంటే పెడతాం. విజయేందర్ కూడా పెట్టాడు.

నెల తిరక్కుండా ప్రసన్నకుమారే స్వయంగా మెట్ల కిందికి వచ్చాడు. మొగులయ్యను పంపలేదు.

"అమ్మా, అయిదు రౌండ్ స్టాంపులు కావాలి. రేపటికి."

పద్మ కాగితం చూసింది. నీళ్ళ మంత్రిత్వ శాఖ, సెంట్రల్ స్టోర్స్, జిల్లా ఇంజినీరు, ఇట్లాంటివి. "ఇవి సర్కారువి సార్. బయటి దేశం సర్కారువి. లెటర్ ఉండాలె."

ఆయన జేబులోంచి ఒక జిరాక్సు తీశాడు. "వాళ్ళే అడిగారమ్మా. అక్కడ మంచి పనివాళ్ళు దొరకరట. డబుల్ ఇస్తాను."

జిరాక్సు కాగితం ఎవరైనా తయారుచేయొచ్చని పద్మకు తెలియదా? తెలుసు. డబుల్ అన్నాడు కాబట్టి తెలియనట్టు ఊరుకుంది. ఇది ఆమే చెప్పింది, నేను దాచను. బుక్కులో అయిదు గుద్దులు గుద్ది, "సంతకం పెట్టుండ్రి సార్" అంది. దేనికన్నాడు. పద్ధతి అంది. ఆయన నిలబడే పెట్టాడు. గాటు నాలుగు దగ్గర.

విజయేందర్ పోయింది పశ్చిమ ఆఫ్రికాలో సముద్రం పక్కనున్న ఒక చిన్న దేశం. పేరు రాయను. రాస్తే మీరు "ఓహో ఆఫ్రికానా, అక్కడంతే" అని పక్కన పెట్టేస్తారు. ఆ దేశాన్ని దోచిన కాగితాలు పుట్టింది ఆబిడ్స్‌లో.

సంగతి ఇది. ఆ దేశం నీళ్ళ శాఖ ఊళ్ళలో బోర్లకు పన్నెండు వందల చేతి పంపులు కొంటున్నట్టు స్వర్ణగౌతమికి ఆర్డరిచ్చింది. డబ్బు ముందే కట్టేసింది. ఓడ ఎక్కినవి నాలుగు వందలే. మిగిలిన ఎనిమిది వందల పంపుల సొమ్మును అక్కడి మంత్రి, మంత్రి బావమరిది, ఇక్కడి ప్రసన్నకుమార్ పంచుకున్నారు. పన్నెండు వందలూ ముట్టాయని కాగితాలు కావాలి కదా, వాటి మీద గుద్దడానికే ఆ అయిదు ముద్రలు. అవి మంత్రి బావమరిది బ్యాగులో ఉండేవి.

విజయేందర్ పని జీతాలు, అద్దెలు రాయడం. గోడౌనులో మూసా అని అరవై ఏళ్ళ స్టోర్ కీపర్ ఉండేవాడు. అతనే ఒకరోజు విజయేందర్‌ను లారీ ఎక్కించుకుని తీసుకుపోయి చూపించాడు. ఒక ఊళ్ళో బోరు చుట్టూ సిమెంటు గద్దె కట్టి ఉంది. లారీలోంచి పంపు దించి దాని మీద బిగించారు. ఊరి ఆడవాళ్ళు పాడారు. పంపు పక్కన ఊరి పెద్దను నిలబెట్టి ఫొటో తీశారు. జనం చెదరగానే బోల్టులు విప్పి అదే పంపును లారీలో వేసుకుని తర్వాతి ఊరికి పోయారు. ఒక్క పంపు నలభై ఊళ్ళలో ఫొటో దిగింది.

నెల తర్వాత అదే దారిలో వస్తుంటే మొదటి ఊళ్ళో సిమెంటు గద్దె చుట్టూ బిందెలు వరసగా పెట్టి ఉన్నాయట. పదకొండు బిందెలు. పంపు బాగుచేయడానికి తీసుకుపోయారు, మళ్ళీ తెస్తారు అనుకుంటున్నారని మూసా చెప్పాడు. విజయేందర్ చూశాడు, ఊరుకున్నాడు. నెలనెలా జీతం ఇంటికి పంపాడు. అతని తప్పు అంతే, కానీ అది తప్పు కాదని నేననను.

2020లో ప్రభుత్వం మారింది. కొత్తవాళ్ళు ఊళ్ళకు పోయి గద్దెలు లెక్కపెట్టారు. మంత్రి, బావమరిది పక్క దేశానికి పారిపోయారు. చేతికి దొరికింది మూసా, విజయేందర్. అక్కడి పోలీసులు రాస్తే ప్రసన్నకుమార్ ఇక్కణ్నించి జవాబు పంపాడు: సరుకంతా పంపాము, మా ఉద్యోగి దాన్ని బయట అమ్ముకుని మమ్మల్ని మోసం చేశాడు. ఆ సంగతి బయట మాట్లాడాడని మొగులయ్యను కూడా అదే నెలలో పనిలోంచి తీసేశాడు.

రెండేళ్ళ రెండు నెలలు జైలు. మూసా అక్కడే జ్వరంతో చనిపోయాడు. విజయేందర్‌కు ఎడమ చెవి పోయింది, ఒక గార్డు కొట్టిన దెబ్బకు. చివరికి రుజువు లేదని వదిలి విమానం ఎక్కించారు. హైదరాబాదులో దిగేసరికి ప్రసన్నకుమార్ పెట్టిన చీటింగు కేసు నాంపల్లి కోర్టులో తయారుగా ఉంది. తన మీదికి ఏ విచారణా రాకుండా ఉండాలంటే తాను మోసపోయినవాడు కావాలి. అందుకు ఒక మోసగాడు కావాలి.

బజార్‌ఘాట్‌లో రెండు గదుల కిరాయి ఇల్లు వాళ్ళది. ఒక సాయంత్రం విజయేందర్ కేసు కాగితాలు చాప మీద పరుచుకున్నాడు. ఆ దేశం నుంచి వచ్చిన నకళ్ళు కూడా ఉన్నాయి వాటిలో. పద్మ కూరగాయలు కోస్తూ వంగి చూసింది. లేచి, దుకాణం సంచిలోంచి కంటికి పెట్టుకునే భూతద్దం తీసింది. ఒక్కో కాగితం చూసింది. ప్రతి గుండ్రటి ముద్రలో నాలుగు గంటల దగ్గర చిన్న తెల్ల చుక్క.

"రేయ్. గీ ముద్రలు నేనే జేసిన."

"ఏందక్కా?" అని విజయేందర్ మంచి చెవి ఇటు తిప్పాడు.

అంత మాట రెండోసారి, గట్టిగా చెప్పాల్సి వచ్చింది.

"ఎంతిచ్చిండు?" అన్నాడు.

"డబల్."

నాలుగు రోజులు అతను అక్కతో మాట్లాడలేదు. అయిదో రోజు టీ ఇస్తే తీసుకున్నాడు.

ఆమె లోపల పగ పుట్టింది ఆ నాలుగు రోజుల్లోనే. అరుపులు లేవు, శాపనార్థాలు లేవు. వాడిని బోనులో నిలబెట్టాలి, తమ్ముడి మీద కేసు పోవాలి. రెండూ కావాలి ఆమెకు. ఒకటి చాలదు.

బుక్కు పట్టుకుని తమ్ముడి వకీలు స్నేహలత దగ్గరికి పోయింది. నాంపల్లి కోర్టుకు ఎదురుగా, జిరాక్సు షాపు పైన ఒక గది ఆమె ఆఫీసు. స్నేహలత చూసి బుక్కు మూసేసింది.

"అక్కా, ఇది ఇంట్ల పెట్టు. ఎవరికీ చూపియ్యకు."

"ఆయన సంతకం ఉంది గదమ్మా."

"ఉంది. లెటర్ గూడ ఉంది. వాళ్ళు అడిగిన్రు, చేయించి మా మనిషికే పంపిన అంటడు. అప్పుడు జడ్జి ఏం జూస్తడు? ముద్రలు జేసింది అక్క, ఆ దేశంల కూసున్నది తమ్ముడు. ఇద్దరూ కలిసి చేసిన్రంటరు. ఆయనను పట్టించబోయి నువ్వే విజయేందర్‌ను అప్పజెప్తవు."

పద్మ బుక్కు తువ్వాల్లో చుట్టుకుని తిరిగి వచ్చింది. కోర్టు వాయిదాలకు ఆమె ఎప్పుడూ పోలేదు. దుకాణం మూస్తే కిరాయి ఎవరిస్తారు. విజయేందర్ ఒక్కడే పోయి వచ్చేవాడు.

2024 ఆగస్టులో, మిట్ట మధ్యాహ్నం, మెట్ల కింద వెలుతురు తగ్గింది. పద్మ తలెత్తింది. ప్రసన్నకుమార్ నిలబడి ఉన్నాడు.

"బాగున్నావా అమ్మా? ఒక పాత స్టాంపు మళ్ళీ చేయాలి." కాగితం ముక్క ముందు పెట్టాడు. సెంట్రల్ స్టోర్స్ గుండ్రటి ముద్ర. "పాతది ఎక్కడో పోయింది. అచ్చం ఇలాగే ఉండాలి. నీ దగ్గర అక్షరాలు ఇంకా అవే ఉన్నాయా?"

చేతిలో బ్లేడు ఉంది. పద్మకు మొదట తోచింది దాని గురించే. తర్వాత, ఇంత ధైర్యమేంటి వీడికి, ముద్దాయి అక్క దగ్గరికే వచ్చాడు అనుకుంది. ఆ తర్వాత అర్థమైంది. ధైర్యం కాదు. వీడికి నేనెవరో తెలియదు. ఎన్నేళ్ళ గిరాకీయో, ఒక్కసారి పేరు అడగలేదు. కుర్చీని అడుగుతామా పేరు.

ఎందుకు కావాల్సి వచ్చిందో కూడా ఆమెకు వెంటనే తెలిసింది. యాభై ఖాళీ లెటర్‌హెడ్‌ల మీద తాను పెట్టిన సంతకాల సంగతి తమ్ముడు చెప్పాడు. వాటి మీద సరుకంతా అతనికే ముట్టిందని టైపు చేసి, ఈ ముద్ర గుద్ది, పాత తారీఖు వేస్తే విజయేందర్ పని అయిపోతుంది. ఏడేళ్ళ జైలు.

"అక్షరాలు అవే ఉన్నయి సార్," అంది. "లెటర్?"

"పాతది ఉంది కదా నీ దగ్గర."

"ఔ సార్. ఉంది."

"రేపు సాయంత్రానికి వస్తాను."

ఆ రోజు ఆమె ఇంకో పని ముట్టుకోలేదు. చేయనని చెబితే వాడు ఇంకో చోట కంప్యూటర్ మీద చేయించుకుంటాడు, అప్పుడు గాటు ఉండదు, ఏమీ ఉండదు. పోలీసులకు చెబితే ఒక రబ్బరు ముక్క దొరుకుతుంది, వాడు అదెవరిదో నాకు తెలియదంటాడు. చేసిస్తే వాడు దాన్ని కోర్టుకు తీసుకుపోతాడు. జడ్జి ముందు ప్రమాణం చేసి, ఇవి 2019 నాటి కాగితాలు అంటాడు. అప్పుడు దాని మీద పది గంటల దగ్గర గాటు ఉంటుంది. 2019 కాగితం మీద 2024 గాటు.

కోర్టు ఆ గాటును నమ్మకపోతే? తమ్ముణ్ణి రెండోసారి జైల్లో పెట్టింది కూడా ఆమె చేసిన ముద్రే అవుతుంది. అది తెలిసే అక్షరాలు పేర్చింది. రబ్బరు చల్లారాక బ్లేడు పట్టుకుంది. అంచును గడియారం అనుకుని పది గంటల చోట గాటు పెట్టింది. ఆమె మోసం చేయలేదు. ఏ ఏటి గాటు ఆ ఏడు పెట్టింది.

మర్నాడు ప్రసన్నకుమార్ వచ్చి పాతదీ కొత్తదీ పక్కపక్కన వెలుతురులో పెట్టి చూసుకున్నాడు. "అచ్చం అదే," అన్నాడు సంతోషంగా.

"సంతకం పెట్టుండ్రి సార్. తారీఖు గూడ వేయిండ్రి."

"ఇంకా ఈ పుస్తకం ఉందా నీకు?"

"మా నాయన పెట్టిన పద్ధతి సార్."

నవ్వి పెట్టాడు. వంద ఎక్కువిచ్చాడు. ఆ నోటు పద్మ ఖర్చు పెట్టలేదు, బుక్కులో అదే పేజీలో ఉంది.

రెండు నెలలకు కాగితాలు కోర్టుకు చేరాయి. ఆ రోజు విజయేందర్ ఇంటికి వచ్చి చెప్పులు విప్పకుండానే గోడకు ఆనుకుని కూర్చున్నాడు. "అవి నా సంతకాలే అక్కా. నేను పెట్టినవే. ఇగ అయిపోయింది."

పద్మకు చెప్పాలని నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. తమ్ముడికి చెబితే వకీలుకు తెలుస్తుంది, వకీలు అప్పుడే అడ్డం పడుతుంది, ప్రసన్నకుమార్ కాగితాలు వెనక్కి తీసుకుని పొరపాటు అంటాడు. వాడు బోనులో నిలబడి నోటితో చెప్పేదాకా ఆగాలి. అయిదు వారాలు. తమ్ముడు అన్నం కలిపి వదిలేయడం, గదిలో ఇటూ అటూ తిరగడం చూస్తూ అయిదు వారాలు ఆగింది. పగ పట్టడం అంటే ఎదుటివాడి మీద పడడం అనుకుంటాం. ముందు ఇంట్లోవాళ్ళ మీద పడుతుంది.

ప్రసన్నకుమార్ సాక్ష్యం చెప్పాడు. కాగితాలు 2019లోనే తన ఆఫీసుకు వచ్చాయని, అప్పటి నుంచి తన లాకరులోనే ఉన్నాయని ప్రమాణం మీద చెప్పాడు. విజయేందర్ వచ్చి ఆ మాట అనగానే పద్మ లేచి తువ్వాల్లో చుట్టిన 2018, 2024 బుక్కులు రెండూ చంకలో పెట్టుకుంది.

"నడువు. వకీలమ్మ దగ్గరికి."

స్నేహలత బుక్కు చూసి గాటు సంగతంతా రెండుసార్లు చెప్పించుకుంది. తర్వాత, "నీకేమైతదో ఎర్కేనా అక్కా? దొంగ ముద్ర అని తెలిసి చేసినవు. నీ మీద గూడ కేసు వడుతది," అంది.

"వడనియ్యి."

"జడ్జి నమ్మకపోతే?"

"నమ్మకపోతే వీనితోపాటు నేను గూడ పోత. ఒక్కణ్ణే పంపిస్తే పోయినసారి ఏమైందో జూసిన గద."

మెట్లు దిగుతుంటే విజయేందర్ ఆగిపోయాడు. "అంటే నీకు ముందుగాలనే ఎర్క. నన్ను అయిదు వారాలు సంపినవు."

"నీకు జెప్తే నీ మొఖంల కనవడుతుండెరా. నీకు దాసిపెట్టుడు రాదు."

"ఒక్క మాట అనకపోతివి."

"నువ్వు ఆనాడు ఒక్క మాట అంటివా, మా అక్క దుకాణమని?" అంది పద్మ. అని, అన్నందుకు బాధపడింది. కానీ అంది.

ఆమె సాక్ష్యం నాడు ప్రసన్నకుమార్ కోర్టు హాల్లో ముందు వరసలో ఉన్నాడు. బోను ఎక్కుతున్న ఆమెను చూసి, ఎక్కడో చూసినట్టుందే అన్నట్టు కళ్ళు చిట్లించాడు. స్టాంపులామె అని గుర్తొచ్చాక కూడా అతనికి భయం వేయలేదు. తనకే పనికొచ్చే సాక్షి అనుకున్నాడో ఏమో, చిన్నగా తలాడించాడు కూడా.

"పేరు?" అని అడిగింది స్నేహలత.

"పద్మ. తండ్రి పేరు సదాశివ."

"ముద్దాయి విజయేందర్ మీకేమవుతాడు?"

"నా తమ్ముడు."

పద్మ అటు తిరిగి ప్రసన్నకుమార్ ముఖం చూసింది. ఆ ముఖం ఎట్లా మారిందో ఆమె నాకు మూడుసార్లు చెప్పింది, మూడుసార్లూ ఒకే మాట: "రబ్బరు ప్రెస్సుల పెట్టినంక మెత్తవడ్డట్టు."

ఆ తర్వాత పని తొందరగానే నడిచింది. పద్మ పన్నెండేళ్ళ బుక్కులు తెచ్చింది. ఏడాదికొక్క గుండ్రటి ముద్ర చొప్పున పన్నెండు పేజీలు జడ్జి బల్ల మీద వరసగా తెరిచింది. పదకొండు, పన్నెండు, ఒంటిగంట, గడియారం ముల్లు తిరిగినట్టు తెల్ల చుక్క తిరుగుతూ పోయింది. జడ్జి తన కళ్ళద్దాలు తీసేసి ఆమె భూతద్దం అడిగి పెట్టుకున్నాడు. 2018లో చేసిన అసలు ముద్రలో చుక్క నాలుగు దగ్గర ఉంది. ప్రసన్నకుమార్ పెట్టిన 2019 కాగితాల మీద పది దగ్గర ఉంది. 2024 పేజీలో అదే ముద్ర, పది దగ్గర, పక్కన ప్రసన్నకుమార్ సంతకం, తారీఖు ఆయన చేత్తో వేసిందే. పేజీ మధ్యలో వంద నోటు.

ప్రసన్నకుమార్ తరఫు వకీలు లేచాడు. "అంటే మీరు కావాలనే ఆ ముద్ర చేసిచ్చారు?"

"ఔ."

"అది తప్పని తెలిసి?"

"ఔ."

"తెలిసినప్పుడు పోలీసులకు ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే ముద్ర దొరుకుతుండె సార్. ఈయన దొరకకపోతుండె."

ముద్రలు, బుక్కులు పరీక్షకు పోయి రావడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఆమె చెప్పిందే తేలింది. విజయేందర్ మీద కేసు కొట్టేశారు. ప్రసన్నకుమార్ పాస్‌పోర్టు తీసుకున్నారు, గన్‌ఫౌండ్రీ ఆఫీసు మూతపడింది. 2018 బుక్కు నకలు కావాలని ఆ దేశం నుంచి ఇద్దరు అధికారులు వచ్చి తీసుకుపోయారు. మూసా కొడుకు విజయేందర్‌కు ఫోను చేసి తండ్రి పేరు కేసు కాగితాల్లోంచి తీసేస్తున్నారని చెప్పాడట. గద్దెల మీద పంపులు వచ్చాయా అని అడిగితే లేదన్నాడట. అందుకని ఈ కథలో గెలుపు ఉందని చెప్పి మిమ్మల్ని సంతోషపెట్టలేను.

కోర్టు కొత్త కేసు పెట్టమంది. దొంగ కాగితాలు పుట్టించడం, ప్రమాణం మీద అబద్ధం చెప్పడం. మొదటి ముద్దాయి ప్రసన్నకుమార్. రెండో ముద్దాయి పద్మ. దుకాణానికి సీలు పడింది ఆ కేసులోనే. సీలు వేసే రోజు ఆమె సీసం అక్షరాల అరలన్నీ తుడిచి, మూతలు పెట్టి, షట్టరు తనే దించి వాళ్ళకు తాళం ఇచ్చింది.

ఇప్పుడు ఇద్దరికీ ఒకే రోజు వాయిదా. నాంపల్లి కోర్టు వరండాలో ఎదురెదురుగా రెండు బల్లలుంటాయి. ప్రతిసారీ రానక్కర్లేదు, నేను అర్జీ పెడతాను అని స్నేహలత చెప్పింది. పద్మ వద్దంది. పదింటికి ముందే వచ్చి కూర్చుంటుంది. ఆయన ఎక్కడ కూర్చుంటే దానికి ఎదురు బల్ల. ఏమీ అనదు. చూస్తుంది. ఆయన లేచి మంచినీళ్ళ పంపు దగ్గరికి పోతే చూస్తుంది, తిరిగి వస్తే చూస్తుంది.

మొన్న వాయిదా నాడు ఆయన బల్ల మారి ఆమె పక్కకు వచ్చాడు. చొక్కా నలిగి ఉంది. మెత్తగానే మాట్లాడాడు.

"పద్మమ్మా. మనిద్దరం ఒకే మాట చెబితే ఇద్దరం బయటపడతాం. ఆ తారీఖు నేను వేయలేదని, నువ్వే తర్వాత వేసుకున్నావని ఒక్క మాట. నీ షాపు నీకొస్తుంది. నీ తమ్ముడికి కూడా ఏదైనా చూద్దాం."

ఆయన ఆమె పేరు పలకడం అదే మొదటిసారి.

"మన కేసు ఎన్నేండ్లు నడుస్తది సార్?" అంది పద్మ.

"ఏమో. ఆరేళ్ళు, ఎనిమిదేళ్ళు. అందుకే అంటున్నాను."

"నడవనియ్యుండ్రి. నాకిప్పుడు దుకాణం గూడ లేదు, తీరికనే."

సంచిలోంచి టిఫిన్ డబ్బా తీసి మూత విప్పింది. టమాటా పప్పు వాసన వచ్చింది. ఆయన లేచి తన బల్ల మీదికి పోయి కూర్చున్నాడు. ఆమె ఎదురుగా, తొందర లేకుండా, ఒక్కొక్క ముద్ద ఆయనను చూస్తూ తిన్నది.